కిటికీ గూట్లో నారికేళపాకం

మా ఇంటి కిటికీ గూట్లో నిమ్మకాయంత నల్లటి ఉండ ఒకటి ఉండేది. బసంత్‌నగర్ నుంచి ఎవరో తెచ్చారు. గోదావరిఖనిలో పెరిగిన పిల్లలకు నల్లగా ఉన్నదల్లా బొగ్గే కాబట్టి నేనూ దాన్ని బొగ్గే అనుకున్నాను. మా నాయిన బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. ఆ ఉండను అరచేతిలో ఒకసారి ఎగరేసి బరువు చూసి, "ఇది బొగ్గు గాదు బిడ్డా. బొగ్గు ఇంత బరువుండది. బొగ్గు కాలినంక మిగిలిన చిట్టెం కావచ్చు" అన్నాడు. ఆ మాటలో సగం తప్పు. మిగతా సగం ఆయన అనుకున్నదానికన్నా పెద్ద నిజం. అది నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఉండ సిమెంటు క్లింకర్. సున్నపురాయిని, మట్టిని మెత్తగా నూరి, కొద్దిగా వాలుగా పడుకోబెట్టిన పొడవాటి ఇనుప గొట్టంలో పోసి, గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ 1450 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాలిస్తే, కింది కొస నుంచి ఉండలు ఉండలుగా రాలే రాయి. దానికి కాస్త జిప్సం కలిపి పొడి చేస్తే సిమెంటు. క్లింకర్ అనే మాట డచ్చివాళ్ల దగ్గర పుట్టింది. బాగా కాలిన ఇటుకను కొడితే ఖంగుమంటుంది, ఆ మోత మీద వచ్చిన పేరు. మా ఉండకూ ఆ మోత ఉంది. ఇంకో రాయితో తాటిస్తే, కుమ్మరి కాలిన కుండను వేలి కణుపుతో కొట్టి చూసేటప్పటి మోతకు అది చుట్టం.

చాలా ఏళ్ల తర్వాత దాన్ని నడిమికి కోయించాను. ఒక సగాన్ని అద్దంలా నునుపు చేసి, ఆమ్లపు ఆవిరి తగిలించి, భూగర్భశాస్త్రం చెప్పే ఒక కాలేజీ ల్యాబులో సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నేను కన్ను ఆనించాను.

నలుపు లేదు. ఎక్కడా లేదు. కింద తెల్లగా, వెండిలా మెరిసే నేల. ఆ నేల మీద రెండు జాతుల స్ఫటికాలు. ఒక జాతి గోధుమ వన్నెవి, అంచులు కత్తిరించినట్టు, చాలావాటికి ఆరు మూలలు. రెండో జాతి నీలం. అంచుల్లేవు, మూలల్లేవు. ఎండాకాలం గోదావరి ఇసుకలో తేలే గులకరాళ్లలా గుండ్రటి నీలపు గింజలు. ఒక్కో గింజ మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుందేమో. ఒక్కో గింజ మీదా సన్నటి గీతలు. కొన్నిటి మీద ఒకే వైపు, కొన్నిటి మీద రెండు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి కోసుకుంటూ. కరీంనగర్ వెండి తీగపని చూసినవాళ్లకు చెప్పడం తేలిక. పాన్‌దాన్ మూత మీద తీగను మెలితిప్పి పక్కపక్కనే పేర్చే పనివాడి ఓపిక ఎలాంటిదో ఈ గీతల వరస అలాంటిది. తేడా ఒక్కటే, ఇక్కడ పనివాడు లేడు.

ఆ రోజు నేను ల్యాబులోంచి చాలాసేపు లేవలేదు. తర్వాత ఇంకో ముక్కను వెంట్రుకకన్నా పలుచగా అరగదీసి, దానిగుండా ధ్రువిత కాంతిని పంపి చూపించారు. అప్పుడు మూలలున్న జాతి బూడిద వన్నెలోకి తగ్గిపోయింది. గుండ్రటి గింజలు మాత్రం ఊదా, నీలం, పసుపు రంగులతో వెలిగాయి. కింది పళ్లెం తిప్పుతుంటే ఒక్కో గింజ ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. గీతలు కూడా వంతులవారీగా, ఒకటి వెలిగితే పక్కది ఆరుతూ. దీపావళి నాడు గుట్టెక్కి ఊరి వైపు చూస్తున్నట్టుంది.

ఈ గుండ్రటి గింజల పేరు బెలైట్. మూలలున్నవి అలైట్. 1897లో టోర్నెబోమ్ అనే స్వీడన్ భూగర్భశాస్త్రవేత్త క్లింకర్‌ను సూక్ష్మదర్శిని కింద చూసి, నాలుగు రకాల గింజలు గుర్తుపట్టాడు. వాటిలో ఏముందో ఆయనకు ఇంకా తెలియదు. తెలియనప్పుడు పెద్ద పేర్లు పెట్టకుండా వాళ్ల అక్షరమాలను పట్టుకొని ఏ, బీ, సీ అంటూ అలైట్, బెలైట్, సెలైట్ అన్నాడు. ఇంకోదానికి ఫెలైట్. ఈ వినయం నాకు ఎంతో నచ్చుతుంది. అయినా రెండో అక్షరం పేరు మోసే రాయి ఎప్పటికీ రెండోదిగానే మిగిలిపోయింది. సిమెంటు పుస్తకాల్లో ముందు మాట అలైట్‌దే. నా పక్షపాతం మాత్రం బెలైట్ వైపే.

బెలైట్‌లో ఉన్నది మనకు బాగా తెలిసిన రెండు సరుకులే. తూకంలో నూటికి 65 పాళ్లు సున్నం, 35 పాళ్లు ఇసుకలో ఉండే సిలికా. సున్నం, ఇసుక. మన తాతలు గానుగలో తొక్కించి గోడలు కట్టినవీ ఇవే. సున్నమూ ఇసుకా ఈ భూమ్మీద ఎక్కడ చూసినా ఉన్నాయి. అయితే ఈ రెండూ ఈ పాళ్లలో, ఈ ఒద్దికలో స్ఫటికంగా కుదురుకున్న రాయి ప్రకృతిలో దొరకడం చాలా అరుదు. క్లింకర్‌లో బెలైట్‌ను గుర్తుపట్టిన 32 ఏళ్ల తర్వాత, 1929లో, సెసిల్ టిల్లీ అనే శాస్త్రవేత్త ఉత్తర ఐర్లండులో దాన్ని మొదటిసారి నేలలో పుట్టిన రాయిగా చూపించాడు. బిడ్డను ముందు ఎత్తుకొని, తల్లిని తర్వాత వెతుక్కుంటూ పోయినట్టు. దొరికిన చోటు ఆంట్రిమ్ జిల్లాలో స్కాట్ హిల్ అనే చిన్న గుట్ట. దగ్గరి ఊరు లార్న్. ఆ ఊరి పేరుతో రాయి లార్నైట్ అయింది.

ఆ గుట్ట కథ కొంచెం చెప్పాలి, అరుదుతనం ఎక్కడి నుంచి వస్తుందో దానివల్ల తెలుస్తుంది. అక్కడి నేల తెల్లటి సుద్ద. పాత సముద్రంలో కంటికి కనిపించని జీవుల గుల్లలు పేరుకుని అయిన సున్నం. ఆ సుద్దలో అక్కడక్కడా చెకుముకి రాళ్లు, అంటే సిలికా. దాదాపు 6 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాతిద్రవం కిందినుంచి ఆ సుద్దను పొడుచుకొని పైకొచ్చింది. మన దక్కను నల్లరాతి ప్రవాహాలు పారింది కూడా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటే. భూమి లెక్కలో అదీ ఇదీ పక్కపక్క రోజులు. వేడి ద్రవం సుద్దను తాకిన అంచులో, ఆ సన్నటి పట్టీలో మాత్రమే, లార్నైట్ పుట్టింది.

ఎందుకంత సన్నటి పట్టీ? షరతులు అలాంటివి. వేడి వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. అంత వేడి భూమి లోతుల్లో దొరుకుతుంది గానీ, లోతుల్లో బరువెక్కువ, సున్నపురాయి తన బొగ్గుపులుసు గాలిని వదలదు. కాబట్టి లోతు ఉండకూడదు, పైపైనే జరగాలి, గాలి తప్పించుకొనే సందు ఉండాలి. సిలికా కాస్త ఎక్కువైతే లార్నైట్ బదులు వోలాస్టనైట్ పుడుతుంది, అది మామూలు రాయి. ఇవన్నీ కుదిరి పుట్టాక, త్వరగా చల్లారాలి. చల్లారాక నీళ్లు తగలకూడదు. తగిలితే నీళ్లు తాగి వేరే రాయైపోతుంది. పుట్టడానికి ఇన్ని, బతకడానికి ఇన్ని. స్కాట్ హిల్ అంచులో అన్నీ కలిసొచ్చాయి. అదే గుట్టలో టిల్లీ 1933లో ఇంకో రాయినీ చూపించాడు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే సున్నపు స్ఫటికం అది. దానికి పోర్ట్‌లాండ్ సిమెంటు పేరు మీదే పోర్ట్‌లాండైట్ అని పేరు పెట్టారు. మనిషి చేసినదాని పేరును కొండ మోస్తోంది.

ఇప్పుడు మా నేలకు వస్తాను. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ నుంచి గోదావరిఖనికి వస్తుంటే, పెద్దపల్లి దాటాక బసంత్‌నగర్ చిమ్నీలు కనిపిస్తాయి. అక్కడ కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. గోదావరి అవతలి ఒడ్డున మంచిర్యాలలో ఏసీసీ వాళ్లు పెట్టింది అంతకన్నా పాతది, 1958. దేవాపూర్‌లో ఓరియంట్ వాళ్లు పెట్టింది 1982. ఈ మూడూ ఇక్కడే ఎందుకు వెలిశాయంటే, ఈ గోదావరి లోయ అడుగున రెండు వేర్వేరు కాలాలు పక్కపక్కన పడుకొని ఉన్నాయి. అంచుల్లో పాకాల శిలలు. వరంగల్ వైపు పాకాల చెరువు పేరు మీద పిలిచే ఆ రాతిపొరల వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది. వాటిలో రామగుండం పేరుతోనే ఒక ఇసుకరాయి పొర ఉంది, సున్నపురాళ్ల పొరలున్నాయి. ఆ సున్నపురాయి పేరుకున్ననాటికి నీళ్లలో చేప లేదు, నేల మీద గడ్డిపోచ లేదు. వాటి నడుమ దిగబడిన లోయలో గోండ్వానా పొరలు. వాటిలోనే బొగ్గు, 25 కోట్ల ఏళ్లు దాటింది. నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్ చెట్లు బురదలో కూలి, మునిగి, పేరుకున్న బొగ్గు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర చూసిన బొగ్గూ ఇదే లోయది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. అంతకుముందు, 1886లో హక్కులు తీసుకొని, హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వింది.

రాయి ఒక కాలానిది, నిప్పు ఇంకో కాలానిది. మధ్యలో డెబ్భై కోట్ల ఏళ్లకు పైబడిన ఎడం. ఆ రెంటినీ ఒక ఇనుప గొట్టంలో కలిపినప్పుడు పుట్టేది నా కిటికీ గూట్లోని ఉండ. స్కాట్ హిల్‌లో ఒక్కసారి జరిగింది ఇక్కడ ప్రతి షిఫ్టులో జరుగుతోంది. ఖనిజం అనిపించుకోవాలంటే నేలలో తనంతట తాను పుట్టాలి, బట్టీలో పుట్టినదాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ నియమం శాస్త్రానికి అవసరమే, నేను కాదనను. ఐర్లండులో ఒక గుట్ట అంచున ఉన్నదాన్ని లార్నైట్ అని మ్యూజియంలో పెడతారు. అదే కూర్పు, అదే గీతలు ఉన్న గింజను మా దగ్గర బస్తాలో పోసి కుడతారు. చూసే కంటికి మాత్రం రెండూ ఒక్కటే.

బట్టీ లోపల జరిగేదాన్ని నేను పాకం అంటాను. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. సంక్రాంతికి అరిసెలు చేసేవాళ్లను చూడండి. బెల్లం కరిగి, పొంగి, తీగ సాగి, పళ్లెంలో నీళ్లలో వేస్తే ఉండ కట్టే దశ వస్తుంది. ఒక్క నిమిషం ముందైతే పిండి జారిపోతుంది, ఒక్క నిమిషం దాటితే రాయవుతుంది. బట్టీలోనూ ఇంతే. తొమ్మిది వందల డిగ్రీల చుట్టూ సున్నపురాయి తన గాలిని వదిలేసి సున్నమవుతుంది. ఆ సున్నం సిలికాను పట్టుకొని ముందు బెలైట్ అవుతుంది. 1300 దాటాక పిండిలో కొంత భాగం, నాలుగో వంతు దాకా, కరిగి తడి అవుతుంది. ఆ తడిలో తడుస్తూ, గొట్టంతోపాటు దొర్లుతూ, పొడి ఉండలు కడుతుంది. లడ్డూ చుట్టినట్టే. ఆ తడిలోనే కొన్ని బెలైట్ గింజలు ఇంకో పాలు సున్నాన్ని తీసుకొని అలైట్‌గా మారతాయి. తీసుకోనివి బెలైట్‌గానే మిగులుతాయి. అలా మిగిలినవి ఉండలో సాధారణంగా నూటికి 15 నుంచి 30 పాళ్లు. బట్టీ చూసేవాళ్లు నీలపు అద్దం అడ్డుపెట్టుకొని మంటలోకి చూస్తారు. నీలం లేకపోతే ఆ వెలుగులో కన్ను ఏదీ పట్టలేదు. ఆ అద్దంలోంచి ఉండల వాలకం చూసి పాకం తెలుసుకోవడం పాత పనివాళ్ల విద్య.

పాకం గురించి మన అలంకారికులు ఇంకో మాట చెప్పారు. కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు రసం వస్తుంది. అరటిపండుకు తొక్క తీయాలి. కొబ్బరికి పీచు ఒలవాలి, టెంక పగలగొట్టాలి, అప్పుడు గానీ లోపలి తీపి దొరకదు. అలైట్‌ది ద్రాక్షాపాకం. నీళ్లు తగిలిన కొన్ని గంటల్లోనే పట్టుబడుతుంది, వేడెక్కుతుంది, మొదటి వారాల బలమంతా తనదే. 28 రోజుల్లో అందులో నూటికి 70 వంతులు నీళ్లతో కలిసి మారిపోతుంది. బెలైట్ అదే 28 రోజుల్లో 30 వంతులే ఇస్తుంది. మిగిలినదంతా దాచుకొని, ఏడాది గడిచేసరికి 90 వంతుల దాకా మెల్లమెల్లగా విప్పుతుంది. ఆ విప్పడంలో వేడి కూడా తక్కువే, అలైట్‌లో సగమో, అంతకన్నా కాస్త ఎక్కువో. అందుకే మందపాటి కాంక్రీటు లోపలి వేడికి పగలకూడదనుకునే ఆనకట్టలకు బెలైట్ ఎక్కువున్న సిమెంటు కావాలంటారు. 1930లలో అమెరికాలో హూవర్ డ్యామ్‌కు అలాంటి సిమెంటే వాడారు. మా శ్రీపాద ఎల్లంపల్లి గట్టు మీద నిలబడి గోదావరిని చూసినప్పుడల్లా నాకు అంత పెద్ద గోడల లోపల, కంటికి కనిపించకుండా, ఆ గుండ్రటి గింజలు ఒక్కో నీటి బొట్టూ తాగుతూ కూచున్న దృశ్యం మెదులుతుంది.

మా ఇల్లు కట్టినప్పుడు తాపీ మేస్త్రికీ మా అమ్మకూ మధ్య నడిచిన మాటలు గుర్తున్నాయి.

"అక్కా, స్లాబు మీద మడులు కట్టి పోతున్న. ఇరవై ఒక్క దినాలు నీళ్లు ఆపొద్దు."

"గన్ని దినాలా మేస్త్రీ? మూడు దినాలకే గట్టివడె గదా?"

"పైన గట్టివడ్డది. లోపల దూప తీరలే. దూప తీరకపోతే పగులుతది అక్కా."

దూప అన్నాడు. దాహానికి మా తెలంగాణ మాట. నేను ఆ తర్వాత చదివిన పుస్తకాల్లో ఈ సంగతిని ఇంత సరిగ్గా చెప్పిన మాట ఇంకొకటి దొరకలేదు. మేస్త్రి చెప్పిన 21 రోజుల తర్వాత కూడా ఆ దూప తీరదు. పోయిన శతాబ్దానికి ముందు పోసిన కాంక్రీటును కోసి చూసినప్పుడు, లోపల ఇంకా నీళ్లు అందని బెలైట్ గింజలు గీతలతో సహా కనిపించాయి. ఆ రోజుల్లో బట్టీల్లో వేడి తక్కువ, నూరడం మోటు, కాబట్టి సిమెంటులో బెలైట్ పాలు ఎక్కువ, గింజలు పెద్దవి. వందేళ్లకు పైగా దాచుకున్న తీపి.

ఇక ఈ రాయి ఎంత నాజూకుదో చెప్పాలి. గీతల సంగతి అక్కడే ఉంది. బెలైట్‌కు ఒకే కూర్పుతో చాలా రూపాలు. బాగా వేడిలో ఒక రూపం, దిగుతున్నకొద్దీ ఇంకోటి, ఇంకోటి. పాము కుబుసం విడిచినట్టు ప్రతి మెట్టు దగ్గరా లోపలి అమరిక కాస్త పక్కకు ఒరిగి కొత్త రూపం ఎత్తుతుంది. ఆ ఒరుగుళ్ల మడతలే మనకు కనిపించే గీతలు. లార్నైట్ అన్నది ఆ వరసలో చివరికి ముందున్న రూపం. ఆ తర్వాత ఇంకొక్కటుంది. మెల్లగా చల్లారనిస్తే, అయిదు వందల డిగ్రీల కిందికి దిగాక, రాయి ఆ ఆఖరి రూపంలోకి జారుతుంది. అది ఇంతకన్నా లూజు అమరిక, చోటు ఎక్కువ కావాలి. నూటికి పది వంతులకు పైగా ఉబ్బుతుంది. గట్టి ఉండ లోపలినుంచి తానే విచ్చుకొని, ఎవరూ తాకకుండానే, గోరువెచ్చటి బూడిదలా రాలిపోతుంది. ఆ పొడికి నీళ్లు పోసినా పట్టుబడదు. అంత శ్రమపడి పుట్టినది చల్లారడంలో తొందర లేక పోతుంది. అందుకే బట్టీ నోట్లోంచి పడ్డ ఉండల మీద గాలి ఊది నిమిషాల్లో చల్లారుస్తారు. కమ్మరి ఎర్రటి కొడవలిని నీళ్లలో ముంచడం గుర్తొస్తుంది.

గాలి ఒక్కటే కాపాడదు. శుద్ధమైన బెలైట్‌ను ఎంత త్వరగా చల్లార్చినా అది పొడి కావడానికే మొగ్గు చూపుతుంది. దాని అమరికలో అల్యూమినా, ఇనుము, ఇంకా అలాంటి పరాయి అణువులు కొన్ని చిక్కుకొని ఉంటేనే, అవి మేకుల్లా పట్టి ఉంచుతాయి. మలినం ఉంటేనే రూపం నిలుస్తుంది. ఆ మలినం ఎక్కడి నుంచి వస్తుంది? కొంత మట్టి నుంచి. కొంత బొగ్గు బూడిద నుంచి.

మా నాయిన మాటలోని నిజం ఇక్కడుంది.

మన బొగ్గులో బూడిద ఎక్కువ. గోండ్వానా బొగ్గంతా అంతే. చెట్లు కూలిన చోటికి వాగులు బురద తెచ్చి పోశాయి, ఆ బురద బొగ్గులో కలిసి రాయైపోయింది. బొగ్గు ఎత్తిన ప్రతి మనిషికీ ఆ రాయి తెలుసు. గ్రేడు పడిపోయేది దానివల్లే, తిట్లు పడేది దానివల్లే. రామగుండం ఎన్టీపీసీ బాయిలర్లలో కాలాక మిగిలిన బూడిద చెరువులకు చెరువులు నింపింది. ఇప్పుడు ఆ బూడిద కూడా సిమెంటులో కలుస్తోంది, మన ప్రమాణాల ప్రకారం నూటికి 35 పాళ్ల దాకా. అది క్లింకర్ తయారయ్యాక కలిపేది. నేను చెబుతున్నది అంతకుముందటి కలయిక. బట్టీలోకి బొగ్గును పొడి చేసి ఊదుతారు. బొగ్గు మంటైపోతుంది. బూడిదకు పోయే చోటు లేదు. దొర్లుతున్న పిండి మీద పడుతుంది. అందులో ఎక్కువ పాలు సిలికా, తర్వాత అల్యూమినా. బూడిద రేణువు కాస్త పెద్దదైతే, పడ్డ చోట సిలికా ఎక్కువై, చుట్టూ ఉన్న సున్నం అంతటితోనే సరిపెట్టుకొని అలైట్ దాకా పోలేదు. అక్కడ బెలైట్ గింజలు గుంపుగా పుడతాయి. గూడు కట్టుకున్నట్టు. ఉండ వెలుపలి అంచున అలాంటి బెలైట్ గూళ్లు కనిపిస్తే, అది బొగ్గు బూడిద చేసిన పని అని చూసేవాళ్లు గుర్తుపడతారు.

నా ఉండ అంచునా గూళ్లున్నాయి. సూక్ష్మదర్శినిని అంచుకు జరిపినప్పుడు నీలం ఒక్కసారి చిక్కబడింది. గోధుమ వన్నె తప్పుకుంది. ద్రాక్షగుత్తిలా ఒకదాన్నొకటి ఆనుకున్న నీలపు గింజలు, ప్రతిదాని మీదా ఆ తీగపని. ఆ సిలికా ఒకప్పుడు గ్లోసోప్టెరిస్ ఆకుల మధ్య దిగిన బురద. తర్వాత బొగ్గు పొరలో మెరవని చార. తర్వాత ఎవరి చెమ్మస్ పారతోనో తట్టలోకెక్కిన రాయి. ఆ తర్వాత మంటలో బూడిద. ఆ తర్వాత ఇది. నేను చూసిన అందాల్లో ఇంతకన్నా దూరం నడిచొచ్చింది లేదు.

ఆ గూళ్లను చూస్తున్నప్పుడు కలిగినదాన్ని ఏ రసం అనాలని చాలాసార్లు ఆలోచించాను. మొదటి చూపులో అద్భుతమే, రెండో మాట లేదు. కానీ అద్భుతం త్వరగా అయిపోతుంది. కంటి ముందున్న రంగులకు అలవాటు పడ్డాక కూడా లేవబుద్ధి కాలేదంటే అక్కడ ఇంకేదో ఉంది. భరతుడి ఎనిమిది రసాల్లో లేక, తర్వాతివాళ్లు వాదించి తొమ్మిదోదిగా నిలబెట్టిన శాంతం అదని నాకు అనిపిస్తుంది. బెలైట్ గింజకు పదును లేదు, తొందర లేదు. మంటలో ఎంత మారిందో తన ఒంటి మీదే గీతలుగా రాసుకొని కూచుంది. జపాన్‌లో ఓనో అనే శాస్త్రవేత్త ఆ రాతను చదవడం నేర్పాడు. బెలైట్ గింజ ఎంత పెరిగిందో చూసి ఎంతసేపు కాలిందో చెప్పవచ్చు. క్లింకర్ పొడిని నూనె చుక్కలో వేసి చూస్తే, బెలైట్‌కు రంగు లేకుండా ఉంటే త్వరగా చల్లారిందనీ, పసుపైతే కాస్త నెమ్మదిగా అనీ, తేనె రంగైతే ఇంకా నెమ్మదిగా అనీ. నా ఉండ బెలైట్ లేత పసుపు. ఆ రోజు బసంత్‌నగర్‌లో గాలి ఊదడంలో ఏదో చిన్న ఆలస్యం. ఏ షిఫ్టో, ఎవరో, ఒక్క నిమిషం అటు తిరిగి ఉంటారు. ఆ నిమిషం రంగుగా నా దగ్గరుంది.

రాతిద్రవమూ బట్టీ లేకుండా, బొగ్గులాంటిదే ఒకటి మండి ఈ రాయి పుట్టిన చోట్లు కూడా ఉన్నాయి. మృతసముద్రం దగ్గర హత్రురిమ్ అనే ప్రాంతంలో సుద్దరాయిలోనే మండే పదార్థం ఇంకి ఉంది. ఎప్పుడో అది నేలలోనే అంటుకొని, సున్నపురాయి తన నిప్పులో తానే కాలింది. అక్కడ లార్నైట్ గుట్టలకు గుట్టలు. అలైట్‌కు నేలలో పుట్టిన తోబుట్టువు దొరికిందీ అక్కడే. షులమిత్ గ్రాస్ అనే పరిశోధకురాలు 1977లో దాన్ని లోకానికి చెప్పింది, పేరు హత్రురైట్. రష్యాలో చెల్యాబిన్‌స్క్ బొగ్గు గనుల దగ్గర పారబోసిన రాతి దిబ్బలు తమంతట తామే అంటుకొని ఏళ్ల తరబడి మండాయి. బోరిస్ చెస్నొకోవ్ ఆ కాలిన దిబ్బల్లోకి దిగి, అంతకుముందు ఎవరూ చూడని రాళ్లను పదులకొద్దీ ఏరాడు. దిబ్బ మనిషి పోసింది కాబట్టి వాటిలో చాలావాటిని ఖనిజాల పట్టికలోకి రానివ్వలేదు. ఆయన మాత్రం ఏరడం మానలేదు.

అది చదివాక మా బొగ్గు యార్డుల పక్కనుంచి పోయేటప్పుడు నా నడక మారింది. కుప్పలో లోపల్లోపల వేడెక్కి సన్నటి పొగ లేవడం, ఆ వాసన, ఖనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. నీళ్లు కొడతారు, డోజర్‌తో తొక్కిస్తారు, అది చేయాల్సిందే. నేను మాత్రం బొగ్గు పొర మీది నుంచి తీసి పోసిన ఓబీ రాయి, కాలి ఎర్రబడ్డ ముక్క కనిపిస్తే వంగి తీసుకుంటాను.

గూట్లో మిగిలిన సగం ఉండ అక్కడే ఉంది. కొన్ని వానకాలాల తేమకు దాని మీద తెల్లటి పొర వచ్చింది. పైనున్న గింజలు గాలిలోని తేమను తాగి, సున్నం విడిచి, ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసును పట్టుకొని మళ్లీ సున్నపురాయి అవుతోంది. బొటనవేలితో రుద్దితే సుద్దలా అంటుకుంటుంది. లోపలిది మాత్రం నల్లగా, గట్టిగానే ఉంది.

పోయిన పండుగకు ఇంటికి పోయినప్పుడు, ఫోన్‌లో తీసుకున్న ఆ గూళ్ల ఫొటో నాయినకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకొని, ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఇదేంది బిడ్డా? నెమలి ఈకనా?"

"గూట్ల ఉండ నాయినా. నడిమికి కోస్తే లోపల గిట్లున్నది."

"గీ నీలం యాడికెళ్లి వచ్చింది?"

"నువ్వు ఎత్తిన బొగ్గులకెళ్లే. బూడిదకెళ్లి."

ఆయన మాట్లాడలేదు. లేచి గూటి దాకా పోయి, ఆ సగం ఉండను అరచేతిలో పెట్టుకొని, ఒకసారి ఎగరేసి బరువు చూశాడు.